వీసం నిలుస్తుంది, పైసా జారుతుంది: ప్రోగ్రాముల్లో భిన్నాలు, దశాంశాలు రాసే పద్ధతి

మా బాబాయికి ఓ హార్డ్‌వేర్ కొట్టు ఉంది. కొన్నేళ్ల కిందట ఆ కొట్టుకి బిల్లులు కొట్టే ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. మొదటి వారంలోనే ఒక పెయింటు డబ్బా దగ్గర దొరికిపోయాను. డబ్బా మీద ఎంఆర్‌పీ వంద రూపాయలు. బిల్లు మీద 100.01. "ఏరా, ఈ పైసా ఎవరిది?" అని అడిగాడు బాబాయి. పైసాకి ఇప్పుడు నాణెమే లేదు. పావలా, అంతకంటే చిన్న నాణేలేవీ 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు. అయినా ఆయన అడిగింది న్యాయమే. ఎంఆర్‌పీ మీద పైసా ఎక్కువైనా ఎక్కువే.

నేనేమో కోడ్‌లో ఎక్కడ అనుమానం వస్తే అక్కడ రౌండ్ పెట్టుకుంటూ పోయాను. ఒక బిల్లు సరిపడితే ఇంకో బిల్లులో పైసా తేలేది. ఏ సంఖ్యని ఏ రూపంలో పెట్టుకోవాలో తేల్చుకోకుండానే కోడ్ మొదలెట్టానని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అందుకే ఈ మార్గదర్శిలో రౌండింగ్ మధ్యలో ఎక్కడో వస్తుంది, మొదట్లో రాదు.

ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌లో ఉంటాయి. తేడా ఉన్న చోట జావా, జావాస్క్రిప్ట్ సంగతి కూడా చెబుతాను. కోడ్‌లో వచ్చే పేర్లను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

మొదటి అడుగు: జబ్బుని కళ్లారా చూడండి

పైథాన్ తెరిచి ఈ రెండూ కొట్టి చూడండి.

0.1 + 0.2
0.25 + 0.5

మొదటిదానికి 0.30000000000000004 వస్తుంది. రెండోదానికి శుభ్రంగా 0.75 వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో కొట్టినా ఇవే జవాబులు. కాబట్టి ఇది ఏ ఒక్క భాషలోనో ఉన్న లోపం కాదు.

కారణం మన పాత లెక్కల్లో దొరుకుతుంది. దశాంశ బిందువు రాకముందు తెలుగునాట భిన్నాల్ని నాలుగేసి భాగాలుగా కోసేవారు. ఒకటిని నాలుగు చేస్తే కాలు, అర, ముక్కాలు. కాలుని మళ్లీ నాలుగు చేస్తే వీసం, అంటే పదహారో వంతు. ఈ భిన్నాలకి తెలుగులో ప్రత్యేకంగా అంకెలు కూడా ఉండేవి. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో వాటికి చోటు దొరికింది. రూపాయి లెక్కా ఇంచుమించు ఇదే దారి. రూపాయికి పదహారు అణాలు, బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు. రూపాయికి నూరు నయా పైసలు అన్న లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది.

కంప్యూటర్ మాత్రం ఇప్పటికీ పాత లెక్కే వేస్తుంది. అది రెండుతోనే కోయగలదు. సగం, సగంలో సగం, అందులో సగం. కాబట్టి వీసం దానికి కచ్చితంగా అందుతుంది, 0.0625 అని పూర్తిగా రాసుకుంటుంది. బేడ 0.125, అదీ అందుతుంది. కానీ పదో వంతుని ఎన్నిసార్లు సగం కోసినా పట్టుకోలేదు. మనం మూడో వంతుని 0.3333 అని రాస్తూ ఎక్కడో ఆపేసినట్టే, అదీ పదో వంతుని ఎక్కడో ఆపేస్తుంది. మీరు 0.1 అని రాస్తే లోపల నిజంగా ఉండేది ఇది:

0.1000000000000000055511151231257827021181583404541015625

నూరు పైసల్లో, అంటే 0.00 నుంచి 0.99 వరకు, కచ్చితంగా నిలిచేవి నాలుగే: సున్నా, పావలా, అర్ధ, ముప్పావలా. మిగతా తొంభై ఆరూ పక్కకి జారినవే.

ఇలా దాచే పద్ధతికి ఐఈఈఈ 754 అని పేరు. 1985లో ప్రమాణంగా వచ్చింది. దీని వెనక ప్రధానంగా ఉన్న విలియం కహాన్‌కి 1989లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. మనం రోజూ వాడే డబుల్ రకంలో 64 బిట్లుంటాయి. గుర్తుకి 1, ఘాతానికి 11, భిన్న భాగానికి 52. దశాంశంలో చెప్పాలంటే 15 అంకెల దాకా నమ్మవచ్చు. పైథాన్ దీన్నే ఫ్లోట్ అంటుంది, ఇకపై నేను మామూలుగా ఫ్లోట్ అన్నప్పుడల్లా ఇదే. జావా, సీలలో ఉండే 32 బిట్ల ఫ్లోట్ అయితే ఆరేడు అంకెలు, అంతే. రూపాయలు దానిలో పెడితే రెండు లక్షలు దాటాక పైసల మీద ఆశ వదులుకోవచ్చు.

రెండో అడుగు: లెక్కపెట్టేదా, కొలిచేదా, పంచేదా?

కోడ్ రాయకముందు ప్రతి సంఖ్యకీ ఈ ప్రశ్న వేయండి. నాకు తెలిసి సగం తప్పులు ఇక్కడే ఆగిపోతాయి.

లెక్కపెట్టేవి: డబ్బు, మార్కులు, ఓట్లు, సరుకు సంఖ్య. వీటికి ఒక చిన్న యూనిట్ ఉంటుంది, దానికంటే చిన్న ముక్క ఉండదు. డబ్బుకి పైసా. వీటిని పూర్ణాంకాలుగా పెట్టుకోండి.

కొలిచేవి: బరువు, ఉష్ణోగ్రత, దూరం, ఫోన్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు. కొలతలోనే కొంత తేడా ఉంటుంది. తూకం యంత్రం గ్రాము అటూ ఇటూ చూపించే చోట పదహారో అంకెలో తప్పు గురించి టెన్షన్ పడక్కర్లేదు. మామూలు ఫ్లోట్ చాలు, వేగంగా కూడా నడుస్తుంది.

పంచేవి: ఆస్తి వాటాలు, నిష్పత్తులు, సంగీతంలో తాళం లెక్కలు. మూడో వంతు మూడో వంతుగానే ఉండాలి. వీటికి భిన్నం రకం వాడాలి.

ఇవి కాక శాతాలు, వడ్డీలు, పన్నులు ఉన్నాయి. వీటి లెక్క పైసా కంటే చిన్న ముక్కల్లోకి వెళుతుంది, చివరికి చట్టం చెప్పినట్టు రౌండ్ చేయాలి. వీటికి డెసిమల్ అనే రకం ఉంది. అది కాగితం మీద మనం చేసినట్టే పదులతో లెక్కవేస్తుంది.

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఒక విషాదం ఉంది. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో, అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ వచ్చే స్కడ్ క్షిపణిని అందుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ సమయాన్ని సెకనులో పదో వంతుల లెక్కన పూర్ణాంకంగానే లెక్కపెట్టింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత సెకన్లలోకి మార్చడానికి దాన్ని 0.1తో గుణించింది, ఆ 0.1 మాత్రం 24 బిట్ల రిజిస్టరులో తెగ్గొట్టినది. ఒక్కో గుణకారంలో తేడా కోటిలో ఒక వంతు కంటే కాస్త తక్కువ. కానీ యంత్రం ఆపకుండా సుమారు 100 గంటలు నడిచేసరికి ఆ తేడా 0.34 సెకను అయింది. ఆ కాస్త సమయంలో స్కడ్ అర కిలోమీటరుకి పైగా ప్రయాణిస్తుంది.

మూడో అడుగు: ఆ చుక్క నిజంగా దశాంశ బిందువేనా?

ఈ అడుగు పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. కానీ మన దగ్గర డేటాతో పనిచేసేవాళ్లకి ఇది తప్పనిసరి.

భూమి రికార్డుల్లో 2.20 అని ఉంది. ఎంత? ఆంధ్రలో అయితే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి 2.2 ఎకరాలే, దశాంశంగా చదివినా నష్టం లేదు. తెలంగాణలో అయితే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు, కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఒకే రాత, రెండు విలువలు. ఎకరంలో 12 గుంటలు తేడా, అంటే 1452 చదరపు గజాలు. ఇప్పటి రేట్లలో అదేం చిన్న విషయం కాదు.

కూడికలో ఇంకా ఘోరం. ఎకరాలు, గుంటల్లో రాసిన 1.25, 1.25 అనే రెండు విస్తీర్ణాల్ని దశాంశాలుగా కూడితే 2.50 వస్తుంది. అసలు జవాబు మూడెకరాల పది గుంటలు, అంటే 3.10. 2.50 అనే విస్తీర్ణం గుంటల్లో ఉండనే ఉండదు, యాభై గుంటలంటే ఎకరం దాటిపోయింది కదా. ఎక్సెల్‌లో పెట్టి కింద మొత్తం కూడేవాళ్లని నేను చూశాను.

సరైన పద్ధతి ఇది. సంఖ్యగా చదవకండి, వాక్యంలా చదవండి. "1.25"ని చుక్క దగ్గర విడగొట్టండి. ఎడమది ఎకరాలు, కుడిది గుంటలు. మొత్తాన్ని గుంటల్లోకి మార్చండి: 1 × 40 + 25 = 65. లెక్కలన్నీ గుంటల్లో చేయండి: 65 + 65 = 130. చూపించేటప్పుడు మాత్రమే 40తో భాగించి ఎకరాలు 3, మిగిలిన గుంటలు 10 అని రాయండి. ఎక్సెల్ 1.20లో చివరి సున్నాని ఊరికే మింగేస్తుంది, 1.2 అయ్యాక అది ఇరవై గుంటలో రెండు గుంటలో తెలీదు. అందుకే ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టండి.

క్రికెట్ ఓవర్లదీ ఇదే కథ. 4.3 ఓవర్లు అంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర ఓవర్లు. 45 పరుగులు చేస్తే రన్‌రేట్ సరిగ్గా 10. ప్రోగ్రాం 45ని 4.3తో భాగిస్తే 10.47 అని చూపిస్తుంది. ఇక్కడా మందు ఒకటే: బంతుల్లోకి మార్చండి. 27 బంతులు, 45 పరుగులు, 45 × 6 ÷ 27.

నాలుగో అడుగు: భాగహారం గుర్తు ఏం చేస్తుందో చూసుకోండి

కొత్తగా నేర్చుకునేవాళ్లు మార్కుల శాతం ప్రోగ్రాం రాస్తారు. 437 / 500 * 100. జావాలో, సీ భాషలో జవాబు సున్నా. రెండూ పూర్ణాంకాలు కాబట్టి 437 / 500 పూర్ణ భాగహారమై సున్నా అవుతుంది, సున్నాని వందతో గుణిస్తే సున్నాయే. గుణకారం ముందు చేస్తే, 437 * 100 / 500, కనీసం 87 వస్తుంది. 87.4 కావాలంటే ఒక సంఖ్యనైనా 500.0 అని రాయాలి.

పైథాన్ 3లో ఒక గీత పెడితే భిన్న భాగం ఉంటుంది: 5 / 2 అంటే 2.5. రెండు గీతలు పెడితే పూర్ణ భాగహారం: 5 // 2 అంటే 2. రుణ సంఖ్యల దగ్గర జాగ్రత్త. -7 // 2 అంటే పైథాన్‌లో -4, కిందికి దిగుతుంది. జావాలో, సీలో -7 / 2 అంటే -3, సున్నా వైపు వెళుతుంది. డేటాబేసుల్లో కూడా ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో 5 / 2 అంటే 2, మైఎస్‌క్యూఎల్‌లో 2.5000.

ఐదో అడుగు: డబ్బుని పైసల్లో పెట్టండి

రూపాయలు మనిషికి చూపించడానికి, పైసలు ప్రోగ్రాం లోపల ఉండడానికి. 149.50 అంటే లోపల 14950. కూడిక, తీసివేత, పోలిక అన్నీ పూర్ణాంకాలే, ఎక్కడా జారడం ఉండదు. ఆన్‌లైన్ చెల్లింపుల్లో రేజర్‌పే, స్ట్రైప్ లాంటివి మొత్తాన్ని ఇలా చిన్న యూనిట్‌లోనే అడుగుతాయి. 500 రూపాయలకి 50000 అని పంపాలి. అన్నిచోట్లా వందే అని మాత్రం కోడ్‌లో బిగించేయకండి. జపాన్ యెన్‌కి పైసల్లాంటివి వాడుకలో లేవు, కువైట్ దీనార్‌కి వెయ్యి ఫిల్స్. కువైట్‌లో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్లు ఇంటికి డబ్బు పంపే యాప్ రాసేటప్పుడు ఆ ఒక్క సున్నా తేడా పదింతలవుతుంది.

పంచేటప్పుడు వచ్చే సమస్య ఇది. వంద రూపాయలు ముగ్గురికి పంచాలి. 33.33 చొప్పున ఇస్తే 99.99, ఒక పైసా గాల్లో కలిసింది. పైసల్లో చేస్తే 10000 // 3 అంటే 3333, మిగిలింది 1. మిగిలిన పైసల్ని వరసలో మొదటివాళ్లకి ఒక్కోటి చొప్పున ఇచ్చేయండి: 3334, 3333, 3333. మొత్తం తప్పకుండా 10000. మొదటివాళ్లు ఎవరు అన్నది మాత్రం నిలకడగా ఉండాలి. ప్రతిసారీ జాబితా వరస మారితే పైసా కూడా ఇల్లిల్లూ తిరుగుతుంది, ఆడిట్‌లో తలనొప్పి.

ఇప్పుడు పెయింటు డబ్బా. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది. జీఎస్టీ 18 శాతం, అందులో కేంద్రానిది 9, రాష్ట్రానిది 9. నేను చేసింది ఇలా:

అసలు ధర: 100 ÷ 1.18 = 84.7457..., రౌండ్ చేస్తే 84.75
కేంద్ర పన్ను: 7.6271..., రౌండ్ చేస్తే 7.63
రాష్ట్ర పన్ను: 7.63
మొత్తం: 84.75 + 7.63 + 7.63 = 100.01

మూడు సంఖ్యలూ విడివిడిగా సరైనవే. మూడూ పైకే రౌండ్ అయ్యాయి కాబట్టి కలిపితే పైసా పెరిగింది. ఇక్కడ ఫ్లోట్ తప్పేమీ లేదు, డెసిమల్ వాడినా ఇదే జరిగేది. మొత్తం ముందే తెలిసినప్పుడు అన్ని భాగాల్నీ రౌండ్ చేయకూడదు. ఒక భాగాన్ని తీసివేత ద్వారా తేల్చాలి. పన్నులు రెండూ లెక్కగట్టి రౌండ్ చేయండి, 763 పైసలు, 763 పైసలు. అసలు ధర అంటే 10000 నుంచి ఆ రెండూ తీసేయగా మిగిలింది, 8474. అంతే. వాయిదాల లెక్కలో కూడా ఇదే సూత్రం. అన్ని కిస్తులూ సమానంగా రౌండ్ చేసి, తేడాని చివరి కిస్తులో సర్దండి.

పూర్ణాంకాలతోనే రౌండ్ చేయడానికి ఒక చిట్కా. లవాన్ని రెట్టింపు చేసి హారం కలపండి, ఆ వచ్చినదాన్ని హారానికి రెట్టింపుతో పూర్ణ భాగహారం చేయండి. పన్ను 10000 × 9 ÷ 118 కావాలంటే: (2 * 90000 + 118) // (2 * 118), జవాబు 763. సగం, ఆపైన ఉంటే పైకి వెళుతుంది. ధన సంఖ్యలకే ఇది వాడండి.

ఆరో అడుగు: డెసిమల్, రౌండింగ్

పైథాన్‌లో డెసిమల్ మాడ్యూల్, జావాలో బిగ్‌డెసిమల్. వాడే ముందు ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి: కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వండి. డెసిమల్("0.1") అంటే సరిగ్గా 0.1. డెసిమల్(0.1) అంటే ముందు ఫ్లోట్‌గా జారిపోయిన 0.1ని పట్టుకుని, పైన చూపించిన ఆ పొడుగాటి సంఖ్యనంతా అచ్చుగుద్దినట్టు దాచుకుంటుంది. పాలు విరిగాక ఫ్రిజ్‌లో పెట్టినట్టు.

డెసిమల్ కూడా సర్వరోగ నివారిణి కాదు. ఒకటిని మూడుతో భాగించి మళ్లీ మూడుతో గుణిస్తే పైథాన్ 0.9999999999999999999999999999 చూపిస్తుంది, మామూలుగా అది 28 అంకెల దగ్గర ఆగుతుంది కాబట్టి. జావా బిగ్‌డెసిమల్ ఇంకా ముక్కుసూటి మనిషి. ఎలా రౌండ్ చేయాలో చెప్పకుండా 1ని 3తో భాగించమంటే ఎర్రర్ విసురుతుంది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. అదే బిగ్‌డెసిమల్‌తో 2.0, 2.00 సమానమా అని ఈక్వల్స్‌తో అడిగితే కాదంటుంది. కంపేర్‌టు వాడాలి.

ఇక రౌండింగ్. పైథాన్‌లో రౌండ్(2.5) కొడితే 2 వస్తుంది. రౌండ్(3.5) కొడితే 4. సరిగ్గా సగం దగ్గర సరి సంఖ్య వైపు వెళ్లే పద్ధతి ఇది, బ్యాంకర్ల రౌండింగ్ అంటారు. వేల సంఖ్యల్ని కూడేటప్పుడు ఒకవైపే మొగ్గు రాకుండా ఉండడానికి పెట్టుకున్నారు. కానీ మన కేంద్ర జీఎస్టీ చట్టం, 2017లోని సెక్షన్ 170 ఇంకో మాట చెబుతుంది. కట్టాల్సిన మొత్తంలో యాభై పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయాలి, అంతకంటే తక్కువైతే వదిలేయాలి. అంటే 2.50 అంటే 3. పైథాన్ రౌండ్ నమ్ముకుంటే ఇక్కడ రూపాయి తక్కువ కడతారు. డెసిమల్‌లో క్వాంటైజ్ వాడి, పద్ధతిగా రౌండ్_హాఫ్_అప్ అని విడమరిచి చెప్పండి.

రౌండ్(2.675, 2) కొడితే 2.68 రావాలని ఎవరైనా అనుకుంటారు. 2.67 వస్తుంది. ఇది బ్యాంకర్ల రౌండింగ్ వల్ల కాదు. లోపల ఉన్నది 2.67499999999999982... అసలు సగమే చేరలేదు. జావాస్క్రిప్ట్‌లో 1.005ని రెండు అంకెలకి టుఫిక్స్‌డ్ చేస్తే 1.00 వచ్చేదీ ఇందుకే.

డబ్బు వెనక్కిచ్చే బిల్లుల్లో రుణ సంఖ్యలుంటాయి. -2.5ని జావాస్క్రిప్ట్ మ్యాథ్.రౌండ్ -2 చేస్తుంది, పైథాన్ రౌండ్_హాఫ్_అప్ -3 చేస్తుంది. కొన్నప్పుడు 3 తీసుకుని వాపసులో 2 ఇస్తే గొడవే. అందుకే రుణ సంఖ్యని ముందు ధనంగా మార్చి, రౌండ్ చేసి, చివర్లో గుర్తు పెట్టడం నా అలవాటు.

రౌండ్ చేయకుండా తెగ్గొట్టేస్తే ఏమవుతుందో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి బాగా తెలిసింది. 1982 జనవరిలో 1000తో మొదలెట్టిన సూచీని ప్రతి లావాదేవీ తర్వాతా మళ్లీ లెక్కవేసి మూడు దశాంశాల తర్వాత కోసేసేవారు. 1983 నవంబరుకి సూచీ 524.811 దగ్గరికి పడిపోయి కనిపించింది. సరిగ్గా లెక్కవేస్తే 1098.892. మార్కెట్ పెరిగింది, సూచీ సగమైంది.

ఏడో అడుగు: భిన్నాన్ని భిన్నంగానే ఉంచడం

తాతగారి ఐదెకరాలు. ముగ్గురు సంతానం. అందులో ఒకరి వాటా మళ్లీ ముగ్గురికి. ఒక మనవరాలి వాటా ఎంత? పైథాన్‌లో ఫ్రాక్షన్ రకం తెచ్చుకుని, ఫ్రాక్షన్(1, 3) * ఫ్రాక్షన్(1, 3) అంటే 1/9. ఐదెకరాలంటే 200 గుంటలు, తొమ్మిదో వంతు 22 గుంటలు, ఇంకో రెండు తొమ్మిదో వంతులు. గుంటకి 121 చదరపు గజాలు, కాబట్టి 24200/9, అంటే 2688 గజాలూ, ఇంకో 8/9 గజం. చివరి దాకా ఏదీ జారలేదు. వాటాలన్నీ కూడి ఒకటితో సమానమా అని నేరుగా == పెట్టి అడగవచ్చు, నిజం అనే వస్తుంది. వాటా పత్రం తయారుచేసే ప్రోగ్రాంకి ఈ పరీక్ష ప్రాణం.

మీ భాషలో ఇలాంటి రకం లేకపోతే మీరే రాసుకోవచ్చు, నలభై లైన్ల కోడ్ కూడా పట్టదు. లవం, హారం అని రెండు పూర్ణాంకాలు దాచుకోండి. పుట్టగానే మూడు పనులు చేయాలి. హారం సున్నా అయితే ఎర్రర్ ఇవ్వండి. హారం రుణమైతే రెండింటి గుర్తూ మార్చండి, రుణ గుర్తు ఎప్పుడూ లవంలోనే ఉండాలి. తర్వాత గసాభాతో రెండింటినీ భాగించండి. గసాభాకి యూక్లిడ్ పద్ధతి చాలు: పెద్దదాన్ని చిన్నదానితో భాగించి శేషం తీసుకుంటూ, శేషం సున్నా అయ్యేదాకా. ఈ మూడూ పుట్టినప్పుడే చేస్తే 2/4, 1/2 సమానమా అన్న పరీక్ష లవం లవంతో, హారం హారంతో పోల్చినంత సులువు. కూడికకి a/b + c/d లాంటి బడి సూత్రమే, లవాల్ని అడ్డంగా గుణించి కలపడం. పోలికకి భాగించకండి, అడ్డ గుణకారం చేయండి.

ఇక్కడా ఫ్లోట్ దూరితే ప్రమాదమే. ఫ్రాక్షన్(0.1) కొడితే 1/10 రాదు, 3602879701896397/36028797018963968 వస్తుంది. ఫ్రాక్షన్("0.1") అని ఇవ్వండి. ఇప్పటికే ఫ్లోట్‌గా వచ్చిన సంఖ్య వెనక ఉన్న చిన్న భిన్నం కావాలంటే లిమిట్_డినామినేటర్ ఉంది. హారం పదికి మించవద్దని 3.14159ని దానికి ఇస్తే 22/7 ఇస్తుంది. సరదాకి ఆర్యభటుడు చెప్పిన 62832/20000 ఇచ్చి చూడండి, 3927/1250గా కుదించి చూపిస్తుంది.

భిన్నాలకి ఒక బలహీనత ఉంది: హారం ఊరికే పెరిగిపోతుంది. 1 + 1/2 + 1/3 అంటూ 1/10 వరకు కూడితే 7381/2520. 1/20 వరకు వెళితే 55835135/15519504. వేల మెట్లు నడిచే లెక్కలో ప్రతి కూడికా ముందుదాని కంటే నెమ్మదిస్తుంది. వాటాలకి, నిష్పత్తులకి వాడండి, సైన్సు సిమ్యులేషన్లకి వద్దు.

ఎనిమిదో అడుగు: ఫ్లోట్ తప్పనిసరైనప్పుడు

ఫ్లోట్లని == తో పోల్చకండి. ముఖ్యంగా లూప్‌లో. సున్నాతో మొదలెట్టి, 1.0తో సమానం అయ్యేదాకా 0.1 కలుపుతూ పొమ్మంటే ఆ లూప్ ఆగదు. పది కూడికల తర్వాత 0.9999999999999999, పదకొండో దానికి 1 దాటిపోతుంది. లూప్‌ని పూర్ణాంకంతో నడపండి, 0 నుంచి 10 దాకా, లోపల పదితో భాగించుకోండి.

పోలికకి మ్యాథ్ మాడ్యూల్‌లో ఐస్‌క్లోజ్ ఉంది. అది తేడాని సంఖ్యల పరిమాణంతో పోల్చి చూస్తుంది కాబట్టి సున్నాకి దగ్గరగా పనిచేయదు. ఎంత చిన్న సంఖ్యనైనా సున్నాతో పోల్చితే సమానం కాదనే అంటుంది. అప్పుడు ఏబీఎస్_టాల్ అనే హద్దు మీరే ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్నది మీ కొలత పరికరాన్ని బట్టి: గ్రాము తూకానికి అర గ్రాము చాలు.

పెద్ద జాబితాని కూడాలంటే మ్యాథ్ మాడ్యూల్‌లోని ఎఫ్‌సమ్ వాడండి. మామూలు సమ్ కూడా పైథాన్ 3.12 నుంచి ఫ్లోట్ల దగ్గర జాగ్రత్తగా కూడుతోంది. పాత వెర్షన్‌లో 0.9999999999999999 వచ్చిన చోట కొత్తదానిలో 1.0 వస్తుంది. ఇద్దరి కంప్యూటర్లలో రెండు జవాబులొస్తే ముందు వెర్షన్ చూడండి.

తొమ్మిదో అడుగు: దాచడం, పంపడం, చూపించడం

డేటాబేసులో డబ్బు కాలమ్ ఫ్లోట్ రకం కాకూడదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లో న్యూమరిక్ లేదా డెసిమల్(12, 2) లాంటిది పెట్టండి. ఎస్‌క్యూలైట్‌లో డెసిమల్ అని రాసినా ఒప్పుకుంటుంది కానీ లోపల దాచేది ఫ్లోటే. అక్కడ పైసల్ని పూర్ణాంకంగా దాచడమే మార్గం.

ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే జేసన్ రూపంలో 0.1 అని పంపితే అవతలి భాష దాన్ని ఫ్లోట్‌గా చదివేస్తుంది. డబ్బుని కొటేషన్ల మధ్య పంపండి, లేదా పైసల్లో పంపండి. పూర్ణాంకాలకీ హద్దుంది: జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్య 9007199254740992 దాటాక ప్రతి సంఖ్యనీ విడిగా గుర్తుపట్టలేదు. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుతుంది, 16 అంకెల కార్డు నంబరు అతికిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. కార్డు నంబరు, ఫోన్ నంబరు, పిన్‌కోడ్, వీటితో ఎవరూ కూడికలు చేయరు. వాటిని టెక్స్ట్‌గానే ఉంచండి.

వినియోగదారు 1,25,000.50 అని కొడతాడు. కామాలు తీసేసి నేరుగా డెసిమల్‌కి ఇవ్వండి, మధ్యలో ఫ్లోట్‌ని రానివ్వకండి. తెలుగు అంకెల్లో ౧౨.౫ అని కొడితే? పైథాన్ ఏ ఇబ్బందీ లేకుండా 12.5గా చదువుతుంది. జావాస్క్రిప్ట్ మాత్రం సంఖ్య కాదని చేతులెత్తేస్తుంది.

చివరగా, కోడ్ పక్కనే ఈ పరీక్షలు రాసిపెట్టుకోండి. వందని ముగ్గురికి పంచితే మొత్తం వందేనా. గుంటల్లో 1.25, 1.25 కలిస్తే 3.10 వస్తోందా. 2.50 రౌండ్ చేస్తే 3 అవుతోందా, -2.50 అయితే -3 అవుతోందా. ఎంఆర్‌పీ 1 నుంచి 1000 దాకా ప్రతి రూపాయికీ మూడు భాగాలూ కలిపితే మళ్లీ ఎంఆర్‌పీయే వస్తోందా. ఈ చివరి పరీక్ష నేను మొదటి రోజే రాసి ఉంటే క్షణంలో దొరికిపోయేది. ఇప్పుడు బాబాయి కొట్లో ఆ డబ్బాకి బిల్లు మీద 84.74, 7.63, 7.63 అని వస్తుంది, కింద 100.00.